పాట కట్టినవాని పేరు

గ్రామఫోను రికార్డు లోకమున వ్యాపించిన నాటినుండి పాడినవారికి దక్కిన ఆదరములో పదియవ పాలైనను పాటను కట్టినవారికి దక్కలేదు. ప్లేటు నడుమనున్న కాగితపు బిళ్లమీద గాయని పేరు పెద్ద అక్షరములలోను, రచయిత పేరు పాట పేరు క్రింద సన్నని అక్షరములలోను అచ్చగుచుండెను. ప్లేటు తిరుగనారంభించిన క్షణమున ఆ రెండవ పేరు ఎవరి కంటికిని అందదు. ఇట్టి విస్మృతికి లోనైన వారిలో అమెరికా దేశపు నల్లజాతి వాడెవిల్ రచయిత పెర్రీ బ్రాడ్‌ఫర్డ్ ముఖ్యుడు. జాజ్ చరిత్రలు వ్రాసినవారు సాధారణముగా అతనికి ఒక్క వాక్యము కేటాయింతురు: 1920లో ఓకే రికార్డు కంపెనీవారిని వేధించి, వెంటబడి, మేమీ స్మిత్ అను గాయని చేత ‘క్రేజీ బ్లూస్’ పాడించిన మధ్యవర్తి అని. ఆ వాక్యము అసత్యము కాదు. కాని ఒక కవిని గురించి, అతడు తన కావ్యమును అచ్చొత్తించుటకై ముద్రాపకుని ఇంటిచుట్టు తిరిగెనని మాత్రమే చెప్పి, కావ్యమును గురించి మాటాడక మానివేయుట ఎట్టిదో, ఇదియు అట్టిదే. బ్రాడ్‌ఫర్డ్‌ను అతని రికార్డుల సముదాయమును బట్టి, రచయితగా, తూచవలెనని నా అభిప్రాయము.

అతడు 1893 ప్రాంతమున అలబామా రాష్ట్రమందలి మాంట్‌గామరీలో జన్మించి, బాల్యమున జార్జియా రాష్ట్రమందలి అట్లాంటా నగరమునకు చేరెను. అచ్చట తన తల్లి కారాగారములోని ఖైదీలకు వంట చేసెడిదనియు, వారు పాడుకొను పాటలే తన తొలి పాఠములనియు అతడు వార్ధక్యమున వ్రాసిన ఆత్మకథలో చెప్పుకొనెను. యౌవనారంభముననే మిన్‌స్ట్రెల్ బృందములో చేరి, పిదప జెనెట్ టేలర్ అను నటితో జంటగా అనేక సంవత్సరములు వాడెవిల్ రంగస్థలములపై పాడుచు, ఆడుచు, పియానో వాయించుచు దేశమంతయు తిరిగెను. వాడెవిల్ అనగా ఒకే టిక్కెట్టుపై ఒకదాని వెనుక ఒకటిగా పాట, నాట్యము, హాస్యము, గారడి, కుక్కల విన్యాసము ప్రదర్శించు వినోదశాల. అందు ఒక్కొక్క జంటకు దక్కునది కొలది నిమిషముల కాలమే గాన, మొదటి పాదముతోనే సభను పట్టుకొనలేని పాట మరునాటికి రంగమెక్కదు. బ్రాడ్‌ఫర్డ్ రచనలలో కనబడు బిగువునకు, మొగమోటము లేని ఆరంభములకు, చివరి చరణమున శ్రోతను ఉలికిపడజేయు మలుపునకు మూలము ఈ శిక్షణయే.

నాట్యము నేర్పు పాటలయందు అతనికి ప్రత్యేకమైన నేర్పుండెను. దక్షిణ రాష్ట్రములలో నల్లవారు తమ విందులలో ఆడుకొను అడుగులను గమనించి, ఏ పాదము ఎటు కదపవలెనో పాటలోనే చెప్పుచు, ఆ చెప్పుటయే లయగా అమరునట్లు కట్టెడివాడు. 1919లో అతడు ప్రకటించిన ‘ఒరిజినల్ బ్లాక్ బాటమ్ డాన్స్’ ఇట్టిదే. 1926లో జార్జి వైట్ వారి ‘స్కాండల్స్’ అను బ్రాడ్‌వే ప్రదర్శనలో బ్లాక్ బాటమ్ నాట్యము వేరొక పాటతో, వేరు రచయితల పేరుతో రంగమెక్కి దేశమంతటను వెర్రిగా వ్యాపించినప్పుడు, ఏడేండ్లు ముందుగా ఆ అడుగులను అక్షరబద్ధము చేసినవాని మాట ఎవరికిని గుర్తురాలేదు.

1918లో హార్లెమ్ నందలి లింకన్ థియేటర్‌లో అతడు ‘మేడ్ ఇన్ హార్లెమ్’ అను ప్రదర్శన నడపెను. అందు మేమీ స్మిత్ ‘హార్లెమ్ బ్లూస్’ అను పాట పాడుచుండెను. ఆ పాటకు ప్రతి రాత్రియు సభ స్పందించు తీరు చూచి, దీనిని రికార్డుగా చేసినచో కొనెడివారు లక్షలుగా ఉన్నారన్న విశ్వాసము అతనికి కలిగెను. ఈ విశ్వాసము నేడు మనకు సామాన్యముగా తోచవచ్చును, కాని నాటి రికార్డు కంపెనీల దృష్టిలో నల్లజాతివారు కొనుగోలుదారులే కారు. బర్ట్ విలియమ్స్ వంటి నల్లజాతి హాస్యగాయకుల ప్లేట్లు అంతకు ముందే ఉన్నవి. అవి తెల్లవారి ఇండ్లకై చేసినవి. బ్లూస్ అను పేరుగల పాటలు సైతము తెల్లజాతి గాయనుల కంఠములతోనే వెలువడుచుండెను. తన జాతివారి పాటను, తన జాతి స్త్రీ, తన జాతివారు వినుటకై పాడవలెనని బ్రాడ్‌ఫర్డ్ కంపెనీల గుమ్మములవెంట తిరిగెను. అతని పట్టుదలకు తోటివారు కంచరగాడిద అను అర్థముగల ‘మ్యూల్’ అను మారుపేరు తగిలించిరి. తుదకు ఓకే కంపెనీలోని ఫ్రెడ్ హేగర్ ఒప్పుకొనెను. ముందు సోఫీ టక్కర్ అను తెల్లజాతి గాయనిని అనుకొన్నను, చివరకు 1920 ఫిబ్రవరి 14న మేమీ స్మిత్ బ్రాడ్‌ఫర్డ్ కట్టిన రెండు పాటలు పాడెను. వాద్యములు మాత్రము కంపెనీలోని తెల్లజాతి బృందమువే. నల్లజాతి గాయనిచేత పాడించినచో ఓకే సరకును బహిష్కరింతుమని హేగరునకు బెదిరింపు లేఖలు వచ్చెనని బ్రాడ్‌ఫర్డ్ చెప్పెను. ఆ ప్లేటు అమ్ముడుపోయెను.

అదే యేడు ఆగస్టు 10న జరిగిన రెండవ ప్రయత్నమే ‘క్రేజీ బ్లూస్’. ఈ పర్యాయము వాద్యబృందము నల్లజాతివారిదే. దానికి జాజ్ హౌండ్స్ అని పేరు. కార్నెట్, ట్రాంబోన్, క్లారినెట్, వయొలిన్, పియానో ఇందు వినబడును. పియానో వాయించినది విల్లీ స్మిత్ అని కొందరు, బ్రాడ్‌ఫర్డే అని కొందరు నేటికిని వాదించుకొనుచున్నారు. పాట వెనుకటి ‘హార్లెమ్ బ్లూస్’యే, పేరు మారినది. మైక్రోఫోను ఇంకను వాడుకలోనికి రాని కాలమది. గాయని ఒక పెద్ద బాకా నోటికెదురుగా నిలిచి పాడవలెను, వాదకులు తమ వాద్యముల ధ్వనిని బట్టి దగ్గరగనో దూరముగనో నిలువవలెను, ఆ ధ్వని ఒత్తిడియే సూదిని కదల్పి మైనముపై గీతలు గీయవలెను. పది అంగుళముల ప్లేటుపై పట్టునది ఇంచుమించు మూడు నిమిషముల పాట. తప్పు జరిగినచో ఆ మైనము పనికిరాదు, మరల మొదటినుండి పాడవలసినదే.

ఈ మూడు నిమిషములలో రచయిత చేసిన పనిని శ్రద్ధగా వినవలెను. బ్లూస్ అనగా పండ్రెండు తాళావర్తముల ఒకే మెట్టు, మొదటి పాదము రెండుమారులు చెప్పి మూడవ పాదముతో ముడివిప్పు పద్ధతి అని పలువురు తలంతురు. ‘క్రేజీ బ్లూస్’ అట్టి ఏకవృత్తము కాదు. వాడెవిల్ పాటలకు అలవాటైన పదునారు ఆవర్తముల ఎత్తుగడతో ఆరంభమై, పండ్రెండావర్తముల బ్లూస్‌లోనికి దిగి, మరల వేరొక మెట్టునకు మరలును. పల్లె వేదనను రంగస్థలపు చట్రములో బిగించిన రచన అది. ప్రియుడు విడిచిపోయిన స్త్రీకి నిద్ర లేదు, అన్నము సహింపదు. ఇంతవరకు లోకసామాన్యమైన విరహమే. తుది భాగమున ఆ విరహిణి మత్తుమందు సేవించి, తుపాకి చేబట్టి, పోలీసువానిని కాల్చెదనను మాట చెప్పును. అంతకు ముందటి యేడు, 1919 వేసవిలో, షికాగో, వాషింగ్టన్ మొదలైన అనేక నగరములలో నల్లవారిపై మూకలు పడి నెత్తురు పారించిన సంగతి ఆ రికార్డు కొన్నవారికి చెప్పనక్కరలేదు. విరహగీతమను ముసుగులో ఇంతటి క్రోధమును దాచి, దానిని తెల్లవారి కంపెనీచేతనే అచ్చొత్తించి, ఇంటింటికి చేర్చినవాడు కేవలము వర్తకుడని నేను నమ్మజాలను. ఆ పంక్తుల స్థానమును, అవి వచ్చువరకు గాయని కంఠమును అదుపులో ఉంచిన నడకను నిర్ణయించినది రచయితయే.

ఒక డాలరునకు అమ్మిన ఆ ప్లేటు మొదటి నెలలోనే 75,000 ప్రతులు చెల్లెనని ప్రసిద్ధి. రైలు పెట్టెలలో పనిచేయు నల్లజాతి పోర్టర్లు వానిని డజన్లుగా కొని దక్షిణాదిలోని దూరపు స్టేషనులలో అమ్మెడివారని చెప్పుదురు. ఈ ప్లేట్లయందు మన దేశపు పాలును కలదు: నాటి రికార్డులకు బంధకద్రవ్యమైన లక్క ప్రధానముగా బెంగాలు, బీహారు అడవులలో పురుగులు పెట్టిన లక్కయే, కలకత్తా రేవునుండి ఓడలకెక్కి, రాతిపొడితోను మసితోను కలిసి న్యూయార్కు నగరమున పాటగా మారినది. ఇక రచయితకు దక్కినదేమి? 1909 నాటి అమెరికా కాపీరైటు చట్టము ప్రకారము ప్రతి ప్లేటునకు ఒక్కొక్క పాటకు రెండు సెంట్లు రచయిత పక్షమునకు ముట్టవలెను. 75,000 ప్రతులపై ఒక్క పాటకు 1,500 డాలర్లు. ఆ హక్కును పరుల పాలు కానీయక, బ్రాడ్‌ఫర్డ్ స్వయముగా ప్రచురణసంస్థను స్థాపించి ఈ పాటను ప్రకటించెను. బ్రాడ్‌వేపై గెయిటీ థియేటర్ భవనములో డబ్ల్యు. సి. హ్యాండీ, క్లారెన్స్ విలియమ్స్ మొదలైన నల్లజాతి ప్రచురణకర్తల కార్యాలయములతోపాటు అతనిదియు ఉండెను. రెండు సెంట్లకై కోర్టులకెక్కి కలహించినవాడని అతనిని తక్కువగా మాటాడినవారున్నారు. తన పాటపై తనకు రావలసిన రెండు సెంట్లను అడుగుట ఆత్మగౌరవముగల రచయిత పని. దానిని దురాశ యనుట న్యాయము కాదు.

ఆ విజయమును చూచి కంపెనీలన్నియు ‘రేస్ రికార్డులు’ అను పేర నల్లజాతి శ్రోతలకై ప్రత్యేక శ్రేణులను తెరచినవి. 1921లో ఓకే, ఆ పిదప పారమౌంట్, కొలంబియా ఆ దారి పట్టినవి. 1923లో బెస్సీ స్మిత్, మా రెయినీ రికార్డులలోనికి వచ్చుట ఈ దారి పడిన తరువాతనే. ఈ భాగము పుస్తకములన్నిటిలోను ఉన్నదే గాన నేను దీర్ఘముగా చెప్పను.

పుస్తకములలో లేనిది, లేదా చెదరి ఉన్నది, ఆ పిదప అతడు చేసిన పని. ‘క్రేజీ బ్లూస్’ తరువాత మేమీ స్మిత్‌తో సఖ్యము సడలెను. 1921లో ఎడిత్ విల్సన్ అను యువగాయని కొలంబియాకు ‘నెర్వస్ బ్లూస్’ పాడెను. పాట బ్రాడ్‌ఫర్డ్‌ది, కార్నెట్ జానీ డన్‌ది. ఎడిత్ విల్సన్ కంఠము మేమీ స్మిత్ కంఠము వలె బరువైనది కాదు. అందులో ఒక నాగరికమైన తేలికదనము, మాటను కొంటెగా జారవిడుచు పోకడ కలవు. రచయిత ఆ తేడాను ఎరిగి, ఆ కంఠమునకు తగిన పాటను ఇచ్చెనని వినినవారికి స్పష్టమగును. ఆ దశాబ్దమున అతడు స్వయముగా కూర్చిన వాద్యబృందములు పెక్కు. వాని పేర్లు మాత్రము కంపెనీకొకటి: జాజ్ ఫూల్స్, మీన్ ఫోర్, జార్జియా స్ట్రట్టర్స్, గల్ఫ్ కోస్ట్ సెవెన్, ఒరిజినల్ జాజ్ హౌండ్స్. పేరు మారినకొలది జాబితాలలో అతని పని వేర్వేరు అరలలో పడిపోయినది.

అతని పాటలలో 1925 నాటి రెండు రికార్డులను ప్రక్కప్రక్కన పెట్టి వినుట గొప్ప విద్య. ‘ఐ ఎయింట్ గోనా ప్లే నో సెకండ్ ఫిడిల్’ అను బ్రాడ్‌ఫర్డ్ పాటను మే నెలలో బెస్సీ స్మిత్ కొలంబియాకు పాడగా, కార్నెట్ వాయించినది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అదే పాటను నవంబరు 2న వొకాలియన్ కంపెనీకై బ్రాడ్‌ఫర్డ్ తానే పాడెను. అప్పుడును కార్నెట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌దే, పియానో జేమ్స్ పి. జాన్సన్‌ది, తక్కిన వాదకులలో బస్టర్ బెయిలీ, డాన్ రెడ్‌మన్ ఉన్నారు. రెండవ స్థానమునకు లొంగని స్త్రీ మాట అది. బెస్సీ స్మిత్ గొంతులో ఆ మాట న్యాయస్థానమున తీర్పు వలె నెమ్మదిగా, బరువుగా పడును. కార్నెట్ ఆమె ప్రతి పాదము చివర మిగిలిన చోటును నింపి ఊరకుండును. రచయిత స్వయముగా పాడినప్పుడు అదే మెట్టు వేగమెత్తి, నాట్యమునకు సిద్ధమై, వీధిలోని కలహము వలె చురుకెక్కును. అతని కంఠము గొప్పది కాదు, పరిధి చిన్నది, కాని మాట ఎచ్చట విరిచి ఎచ్చట సాగదీయవలెనో ఎరిగిన రంగస్థలనటుని కంఠమది. చివరి భాగమున ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ బృందమునంతను మోసికొనిపోవును. ఇది జరిగిన పదిదినములకే, నవంబరు 12న, ఆర్మ్‌స్ట్రాంగ్ షికాగోలో తన హాట్ ఫైవ్ బృందముతో తొలి రికార్డులు చేసెను. హాట్ ఫైవ్ రికార్డులను గురించి గ్రంథములు వెలసినవి, విశ్వవిద్యాలయములలో పాఠములు జరుగుచున్నవి; పదిదినముల ముందటి న్యూయార్కు రికార్డును ఆర్మ్‌స్ట్రాంగ్ జాబితాలోని ఒక అప్రధానమైన పంక్తిగా చదువుదురు. ఒకే పాట ఒకే యేట ఇట్లు రెండు భిన్నమైన ప్రాణములతో బ్రతుకగలిగినదనిన, ఆ పాట నిర్మాణములో ఎంత చోటున్నదో, ఆ చోటును విడిచినవాడెవడో ఆలోచింపవలదా?

బ్రాడ్‌ఫర్డ్‌పై మోపబడిన దోషములు లేకపోలేదు. ఒకే మెట్టును వేరు పేరులతో మరల మరల వాడెననునది మొదటిది. నిజమే, ‘హార్లెమ్ బ్లూస్’ ‘క్రేజీ బ్లూస్’ అయిన వైనము పైన చెప్పితిని. కాని వాడెవిల్ రచయితకు పాట అచ్చులో స్థిరపడిన వస్తువు కాదు, సభను బట్టి, పాడువారిని బట్టి మరల కుట్టుకొను వస్త్రము. హ్యాండీ మొదలుకొని నాటి బ్లూస్ రచయితలందరును జనుల నోట నలిగిన మెట్లను కూర్చి పాటలు కట్టినవారే. రెండవది, 1965లో వెలువడిన ‘బార్న్ విత్ ద బ్లూస్’ అను అతని ఆత్మకథలో స్వోత్కర్ష హెచ్చు అనునది. దీనిని నేను కాదనను. జాజ్ చరిత్ర తన్ను మరచిపోయినదన్న ఉక్రోషమున అతడు దాదాపు ప్రతి ఘనకార్యమునకు తానే మూలమని వ్రాసికొనెను. 1927లో అమెరికాలో పది కోట్లకు పైబడిన రికార్డుల అమ్మకము 1932 నాటికి అరువది లక్షలకు దిగజారిన ఆర్థికమాంద్యములో అతని వ్యాపారము కూలిపోయినది. ఆ పిదప దీర్ఘకాలము మరుగుననుండి, 1970లో న్యూయార్కులో మరణించినవాని పుస్తకమది. గాయపడినవాని సాక్ష్యముగా దానిని గౌరవించి, తీర్పునకు మాత్రము రికార్డులనే పిలువవలెను. రికార్డునకు స్వోత్కర్ష తెలియదు. ఆ గదిలో ఆనాడు ఏమి జరిగినదో అదే చెప్పును.

అందుచేతనే ఈ రికార్డులను రచయిత పేరుమీద ఒక చోటికి చేర్చవలెనని నేను కోరుచున్నాను. రాజసభలలో, రచ్చబండలపై, సత్రముల అరుగులపై చెదరి, ఏ కవివో తెలియక నోటినోట తిరుగుచుండిన పద్యములను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తాళపత్రములనుండియు, వృద్ధుల నోళ్లనుండియు ఏరి ‘చాటుపద్యమణిమంజరి’గా కూర్చినప్పుడు, తెలుగువారికి ఆ పద్యములే కాక వాని వెనుకనున్న కవుల మనసులును దొరికినవి. అట్టి సంకలనదృష్టి రికార్డులకును అవసరము. అమెరికాలో ఈ పని కొంత జరిగినది. పాత రికార్డులు సేకరించు అభిరుచిగలవారు అతని పాటలు కొన్నిటిని వరుసగా మరల ప్రకటించిరి. శాంటా బార్బరా నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు నడపు చారిత్రక రికార్డుల పట్టికలో రచయిత పేరుతో వెదకుటకు వీలున్నది. ఒక పేరు వ్రాసినచో ఇరువది కంఠములు, పది బృందములు, ఐదారు కంపెనీలు ఒక త్రాటిపైకి వచ్చును. కాని సామాన్యశ్రోత పాటలు వినునది నేడు ఫోనులోని సంగీత యాప్‌లలో. అచ్చట గాయని పేరు, బొమ్మ, ఆమె తక్కిన పాటలు ఎదురుగా నిలుచును. రచయిత పేరు వెదకి వెదకి ఏదో ఒక మూలలో పట్టుకొనవలెను, ఒక్కొక్కప్పుడు అదియు లేదు. నూరేండ్ల క్రిందటి కాగితపు బిళ్లమీద సన్నగానైనను అచ్చైన పేరు, స్థలమునకు కొరతయే లేని నేటి తెరపై లేకపోవుట క్షమింపరాని లోపము. సంగీతమును అమ్ము సంస్థలు ప్రతి పాటకు రచయిత పేరును గాయని పేరుతో సమముగా చూపవలెను, ఆ పేరును తాకినచో అతని తక్కిన రచనలు తెరచుకొనవలెను. ఇది సాంకేతికముగా కష్టమైన పని కాదు. తెలుగు పాటలను అమ్ము సంస్థలకును ఇదే నియమము వర్తింపవలెను.

వినుటకు నేడు ధనముతో పనిలేదు. 1923కు ముందటి రికార్డులన్నిటి హక్కులు అమెరికాలో 2022 జనవరి 1న తీరిపోయినవి గాన ‘క్రేజీ బ్లూస్’ సర్వజనుల సొత్తు. ఆ పిదపటి సంవత్సరములవి ఒక్కొక్క యేడుగా అదే దారిలో విడుదలగుచున్నవి. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు 2005లోనే ఆ రికార్డును జాతీయ రికార్డుల పట్టికలో చేర్చిరి. వినదలచినవారు మొదట 1920 ఫిబ్రవరి నాటి ప్లేటును, పిదప ఆగస్టు నాటిదానిని వినవలెను. వాద్యబృందము మారుటతో అదే గాయని కంఠము ఎట్లు విడివడినదో తెలియును, తన జాతి వాదకులు కావలెనని రచయిత పట్టుబట్టుటలోని వివేకమును అర్థమగును. తరువాత ఎడిత్ విల్సన్‌ను, బెస్సీ స్మిత్‌ను, తుదకు బ్రాడ్‌ఫర్డ్‌నే వినవలెను. బాకా కాలపు రికార్డులలో గరగర హెచ్చు. దానిని యంత్రములతో పూర్తిగా తుడిచివేసిన ప్రతులలో క్లారినెట్ పైస్వరములును, పాదముల చివరి హల్లులును కూడ కొట్టుకొనిపోవుచున్నవి. మాటనే నమ్ముకొన్న రచయిత విషయమున హల్లు పోయినచో పాటలో సగము పోయినట్లే గాన, గరగరతోడి ప్రతినే ఎన్నుకొనుడని నా మనవి.